చుక్కలపెట్ట వీపు

రాజ్యంలో కారాగారం ఒక్కటే ఉన్నప్పుడు అందులో ఎవరిని ఉంచాలన్నది ధర్మశాస్త్రాలు సైతం తేల్చని ప్రశ్న. వెంకటస్వామి పెరటి రాజ్యంలో కోళ్లగంప ఒక్కటే. పదకొండు రోజులుగా అందులో చుక్కలపెట్ట ఉంటోంది.

తెల్లవారగానే అతను గంప ఎత్తి, పెట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. వీపున అరచేయి మేర ఈకల్లేవు. నిన్న సాయంత్రం మేతకని వదిలిన కాసేపట్లోనే పుంజు మీదెక్కి, మెడ ఈకలు ముక్కున కరచి, కాలి ముళ్లతో చీరింది. గాయం ఇంకా తడిగా ఉంది.

పుంజు గోడెక్కి చూస్తోంది. ఎర్రని ఒళ్లు, నల్లని తోక, సామంతుల నమస్కారాలకు అలవాటుపడ్డ మెడ. మిగతా నాలుగు పెట్టలూ గోడ కింద గింజలేరుకుంటున్నాయి.

వెంకటస్వామి కాలువ మీద నీళ్లు వదిలే లస్కరు. అవనిగడ్డ దిగువన ముప్ఫై ఒక్క ఏళ్లుగా మూడు తూములకు ఏకచ్ఛత్రాధిపతి. పై రైతు దించమన్న షట్టరునే కింది రైతు ఎత్తమంటాడు. ఇద్దరికీ "అట్టాగేనండీ" అని, ఎవరూ లేనప్పుడు సగానికి నిలిపి వస్తాడు. అతని చేతిమీదుగా ఏదీ పూర్తిగా తెరుచుకున్నదీ లేదు, పూర్తిగా మూతపడ్డదీ లేదు.

నిరుడు తెగులు పెరడంతా ఊడ్చేసినప్పుడు, గంజి పోసి అతను బతికించుకున్న ఒకే ఒక్క పిల్ల ఈ చుక్కలపెట్ట. అది దక్కితే అమ్మవారికి పుంజునిస్తానని భార్య దేవమ్మ మొక్కుకుంది. ఆ మొక్కు పుంజే ఇది. మొక్కిన పుంజును అమ్మవారి సంబరం దాకా కట్టకూడదు, మూయకూడదు, అదిలించకూడదు. దైవదత్తమైన నిరంకుశత్వమంటే అదే.

పశువుల ఆసుపత్రిలో పనిచేసే దుర్గ నిన్న గోడవతలి నుంచి చూసి నవ్వింది.

"నేరం ఒకళ్లది, జైలు ఇంకొకళ్లకా బాబాయ్? మూయాల్సింది పుంజుని. ఆ ఎరుపు కూడా కనపడనివ్వకు. చూశాయంటే మిగతా పెట్టలూ పొడుస్తాయి."

"అది అమ్మోరిదే! నీ ఆసుపత్రిది కాదు," అంది దేవమ్మ.

రాత్రంతా ఆలోచించిన వెంకటస్వామి ఈ పొద్దున జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయాన్ని సగంలో ఆపలేదు. పుంజును పట్టి గంప కింద మూసి, పైన రుబ్బురోటి పొత్రం పెట్టాడు.

"కళ్లు పోతాయయ్యా!" అంది దేవమ్మ.

"పోతే నాయేగా."

పెట్ట వీపు కడిగాడు. గిన్నెలో, వాళ్లమ్మ చేసినట్టే, పసుపూ సున్నమూ రంగరించి దట్టంగా పట్టించాడు. నెత్తురు చుక్క కూడా కనపడలేదు. దేవమ్మకు కోపంలోనూ నవ్వొచ్చింది.

"పెళ్లికూతురికి పారాణి పెట్టినట్టుంది."

చుక్కలపెట్ట ఎండలోకి నడిచి రెక్కలు విదిల్చింది. నాలుగు పెట్టలూ ఒక్కసారే మేత మాని తలలెత్తాయి. అది గౌరవమనుకున్నాడు వెంకటస్వామి. సైకిలెక్కి కాలువ గట్టున వెళ్లాడు.

ఆ ఊపులోనే మధ్య తూము షట్టరు చివరిదాకా ఎత్తాడు. ఎర్రనీరు సుడులు తిరుగుతూ కిందికి దూకింది. కింది రైతు శోభనాద్రి నమ్మలేక గట్టు దాకా వచ్చాడు.

"ఏం స్వామీ, పొద్దున్నే ఏం తిన్నావయ్యా?"

వెంకటస్వామి మీసం సవరించుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెరట్లో చప్పుడు లేదు. దేవమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"రేషన్‌కెళ్లి వచ్చేసరికే..." అంది. "పుంజు రాలేదయ్యా బయటికి. గంప అట్టాగే ఉంది."

పొత్రం కదల్లేదు. గంప కింద నుంచి పుంజు ఒక్క కూత కూసింది. గోడ మూలన చుక్కలపెట్ట పక్కకి ఒరిగి పడి ఉంది. వీపు ఎముక దాకా తవ్వి ఉంది. నాలుగు పెట్టలూ ముక్కులు నేలకు రాసుకుంటున్నాయి.

"అమ్మోరు ఊరుకుంటదా మరి," అంది దేవమ్మ, మెల్లగా.

అతను చేతులు కడుక్కోవడానికి వంగాడు. పొద్దున వదిలేసిన గిన్నె నీళ్లతొట్టి పక్కనే ఉంది. అడుగున మిగిలిన పసుపూ సున్నమూ ఎండి, నెత్తురుకన్నా ఎర్రగా ఉన్నాయి.