కాకి ముట్టని కంచం

తుఫాను వచ్చిన శుక్రవారం నుంచీ మారిటెస్ పొయ్యి వెలిగించడం మానేసింది. డ్యూటీకి వెళ్తోంది, వస్తోంది, వచ్చాక కోటు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంటోంది. టీ మాత్రం తాగుతోంది. అందులో ముంచిన బిస్కెట్ మెత్తబడి కప్పులోకి జారిపోయినా చూసుకోవడం లేదు.

పుష్పలీలకి ఆవిడ పిన్ని అవుతుంది. అమ్మ పోయిన కొన్నేళ్ళకి నాన్న రమణ బెల్‌ఫాస్ట్‌లో తనతోపాటు నర్సుగా పనిచేసే ఈ ఫిలిప్పీన్స్ ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. పుష్పలీల దివిసీమలో కోడూరు దగ్గర పల్లెలో నాయనమ్మ సత్యమ్మ చేతి కింద పెరిగి, ఊరి బళ్ళో చదువుకుని, పదిహేనో ఏట ఇక్కడికి వచ్చింది. ఇక్కడి స్కూల్లో వాళ్ళు మాట్లాడేదాంట్లో సగమే అర్థమయ్యేది. అర్థమైన సగానికి కూడా జవాబు పెదాల దాకా వచ్చి ఆగిపోయేది.

వచ్చిన రోజు గుమ్మంలో మారిటెస్ అడిగిన మొదటి మాట "తిన్నావా?" అని. తెలుగులోనే. రమణని పట్టుకుని బట్టీ పట్టిందట. ఈ పిల్ల పుట్టినింట్లో పంది మాంసం గడప తొక్కదని తెలుసుకుని, ఆ మాంసానికంటూ వేరే గిన్నె, వేరే కత్తి, వేరే గరిటె పెట్టుకుంది. ఆదివారం హుంబా వండేటప్పుడు వంటింటి కిటికీ బార్లా తెరిచి, చలికి వణుకుతూ, "సారీ, ఇందాయ్" అనేది. ఇందాయ్ అంటే వాళ్ళ లేయ్తే దీవిలో ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట.

హుంబా అంటే పంది పొట్ట మాంసాన్ని వెనిగర్‌లో, సోయా సాసులో, ముదురు రంగు చక్కెరలో గంటలకొద్దీ మగ్గబెట్టే కూర. తీపి, ఉప్పు, పులుపు మూడూ కలిసిన వాసన మేడ మీదికి పాకేది. మొదట్లో పుష్పలీల దుప్పటి ముసుగేసుకునేది. ఒక ఆదివారం నీళ్ళ కోసం కిందికి దిగితే మారిటెస్ ఏవో ఎండిన పోగులు నీళ్ళలో నానేసి, ఒక్కొక్కటీ ముడి వేస్తోంది.

"ఏంటవి?"

"అరటిపువ్వు."

"అరటిపువ్వా! మేమూ వండుకుంటాం. మా దొడ్లో ఉంది. పెసరపప్పేసి వండుతుంది నాయనమ్మ." ఆ ఇంట్లో పుష్పలీల అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం స్టూలు లాక్కుని కూర్చునేది. తినేది కాదు. ముడులు వేసి ఇచ్చేది, చూసేది. ఈ నవంబరు మొదట్లో, వాళ్ళు చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున, మారిటెస్ చిన్న పళ్ళెంలో హుంబా పెట్టి, కిటికీలో కొవ్వొత్తి వెలిగించింది. "మా నాన్నకి. కొవ్వు ముక్కలు ఏరి పెట్టాను. లేకపోతే రాత్రికొచ్చి నాతో దెబ్బలాడతాడు" అని నవ్వింది. మావాళ్ళు కాకికి పెడతారు అని చెప్పాలనుకుంది పుష్పలీల. ఇంగ్లీషులో కూడబలుక్కునే లోపు ఆవిడ గిన్నెలు కడుగుతోంది.

ఆ వారంలోనే తుఫాను. లేయ్తేలో సముద్రపొడ్డున ఉన్న ఇంట్లో మారిటెస్ తల్లి ఒక్కతే ఉంటోంది. లైన్లు లేవు, కరెంటు లేదు. రోజులు గడిచాక ఎక్కడో కొండ మీదికెక్కి తమ్ముడు ఫోన్ చేశాడు. ఇల్లు లేదన్నాడు. ఇల్లున్న చోటు కూడా పోల్చుకోలేకపోయానన్నాడు. అమ్మ దొరకలేదన్నాడు.

దొరకలేదంటే ఇంకా వెతుకుతున్నారని మారిటెస్ అర్థం చేసుకుంది. చర్చిలో పోయినవాళ్ళ పేరున ప్రార్థన పెట్టిస్తున్నాం, మీ అమ్మ పేరు కూడా చెప్పమని వార్డులోని ఫిలిప్పీన్స్ నర్సులు ఇంటికొస్తే, వాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది. "మా అమ్మ పేరు అక్కడ చదివారో, మళ్ళీ మీ మొహాలు చూడను."

వాళ్ళు వెళ్ళాక రమణ వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంక లేనట్టే అమ్మలూ. ఊరి మీదికి అంతెత్తున నీళ్ళొచ్చాయంట. ఆవిడకి డెబ్బై దాటాయి."

"పిన్నికి చెప్పావా నాన్నా?"

"నేను చెప్పేదేంటి? తనకి తెలీదా? ఎన్నాళ్ళు ఆశ పడితే అన్నాళ్ళు పడనీ. కానీ తిండి లేకుండా డ్యూటీలు చేస్తే పడిపోద్ది. నా డ్యూటీల పట్టీ చూడు, అన్నీ పన్నెండు గంటలవే. నువ్వే ఏదోటి చేసి తినిపించవే."

పుష్పలీల పప్పు వండింది. గుడ్డు పొరటు చేసింది. తినమని బతిమాలడానికి ఇంగ్లీషు సరిపోక, పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది. మారిటెస్ పళ్ళెం అందుకుని, థాంక్యూ అని, పక్కన పెట్టేది.

శనివారం నాయనమ్మ ఫోన్‌లో దొరికింది. విషయమంతా విని సత్యమ్మ తన చెల్లెలి మాట ఎత్తింది.

"ఉప్పెనప్పుడు మా చెల్లెలు కూడా అంతేనే. దొరకలా. నా కూతురు ఏ తాటిచెట్టో పట్టుకుని బతికే ఉంటది, దానికి కూడు పెట్టడానికి మీరెవరని మా అయ్య ఎవర్నీ పెట్టనివ్వలా. ఏడాది పొడుగూతా నా కల్లోకొచ్చి ఆకలక్కా, ఆకలక్కా అనేది, పిచ్చిముండ. చివరికి అయ్యకి తెలీకుండా కాలవగట్టు మీద నేనే ముద్ద పెట్టా. అప్పుడు రావడం మానింది."

"మరి ఈ అమ్మమ్మకి ఎవరు పెడతారు నాయనమ్మా?"

"అదేగా నేననేది. ఊరే లేదంటున్నావు, ఎవరున్నారు పెట్టడానికి? ఆవిడకి ఇష్టమైంది వండి నువ్వన్నా పెట్టు. ముందు కాకి. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్ళు. తెలిసిందా? ఏం కూర చేస్తావు?"

"మాంసం."

"ఏం మాంసమే?"

పుష్పలీల దగ్గింది. "ఇక్కడ దొరికేదే."

"సర్లే. కాకి అడగొచ్చిందా."

ఆదివారం పొద్దున రమణ, మారిటెస్ ఇద్దరూ డ్యూటీకి వెళ్ళారు. మారిటెస్ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. పుష్పలీల మాంసం కొట్టుకి వెళ్ళి, అద్దం వెనకున్న ముక్క వైపు వేలు చూపించింది. కొట్టు ఆయన మెడ వంచి, "పొట్ట మాంసమా, బంగారం? తోలుతోనా, తీసేయనా?" అన్నాడు. తోలుతోనే మారిటెస్ వండేది. తల మాత్రం ఊపింది. ఏ ప్రశ్నకి ఊపిందో తెలియక ఆయన నవ్వి, తోలు ఉంచేసి కట్టిచ్చాడు.

ఇంట్లో పొట్లం విప్పి చాలాసేపు చూస్తూ నిలబడింది. తోలు మీద అక్కడక్కడా వెంట్రుక మొదళ్ళు. పిన్ని కత్తి తీసుకుంది, పిన్ని గిన్నె పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆ మాంసం మీద చెయ్యి వేసింది. చల్లగా, మనిషి చెయ్యిలాగే ఉంది.

ముక్కలు ఎర్రగా వేయించింది. వెల్లుల్లి, మిరియాలు, బిరియానీ ఆకు, అనాసపువ్వు. సోయా సాసు పోసింది. వెనిగర్ పోశాక పచ్చివాసన పోయేదాకా గరిటె పెట్టకూడదని మారిటెస్ ఎప్పుడూ పుష్పలీల చేతి మీద చిన్నగా కొట్టేది, అందుకని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అలమరలో ఆ ముదురు చక్కెర అయిపోయింది. నాయనమ్మ పంపిన బెల్లం దంచి వేసింది. అరటిపువ్వు పోగులు నానబెట్టి ముడులు వేసింది. మూడు దాటేసరికి ముక్క గరిటె తగిలితే విడిపోతోంది, పులుసు తేనెలా చిక్కబడి ముక్కల్ని అంటుకుంటోంది. కిటికీ మూసే ఉంచింది. వాసన ఇల్లంతా నిండాలని.

వేడన్నం, పైన హుంబా. మొదటి కంచం పట్టుకుని వెనక యార్డులోకి వెళ్ళి, ఇటుక గోడ మీద పెట్టింది.

ఇక్కడి కాకులు నల్లనివి కావు, ఒంటికి బూడిదరంగు బనీను తొడుక్కున్నట్టుంటాయి. అవి కాకులేనా, వీటికి పెడితే చెల్లుతుందా అని చిన్న అనుమానం. ఎదురింటి పొగగొట్టం మీద రెండున్నాయి. వంగి చూశాయి. రాలేదు. సీగల్ పిట్ట ఒకటి రెక్కలు విదిలిస్తూ దిగబోతే పుష్పలీల చెప్పు విసిరింది.

అమ్మ పోయినప్పుడూ ఇలాగే. కాకి ఎంతకీ రాలేదు. నాయనమ్మ చెంగు నోట్లో కుక్కుకుని, తర్వాత తీసేసి, "నీ పిల్లని నేను చూసుకుంటానమ్మా, తిని వెళ్ళు" అని అందరికీ వినబడేలా అంటే, ఎక్కడినుంచో వచ్చి వాలింది. పుష్పలీల చుట్టూ చూసింది. పక్కింటి కిటికీలో ఎవరూ లేరు. తెలుగులోనే అంది, "మీ అమ్మాయికి అన్నం నేను పెడతానండి. తిని వెళ్ళండి."

కాకులు పొగగొట్టం మీద నుంచి కదల్లేదు. వెలుగు తగ్గుతోంది. ముందు తలుపు తాళం తిరిగిన చప్పుడు.

పుష్పలీల లోపలికి పరిగెత్తింది. మారిటెస్ హాల్లోనే నిలబడిపోయి ఉంది. కళ్ళు మూసుకుని గాలి పీలుస్తోంది.

"హుంబా," అంది. "నువ్వా? నువ్వు వండావా, ఇందాయ్?"

పుష్పలీల తలూపింది.

మారిటెస్ కోటు విప్పింది. ఇన్ని రోజులకి మొదటిసారి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వంటింట్లోకొచ్చి మూత తీసి ఆవిరిలో మొహం పెట్టింది. "తోలు కూడా ఉంచావే! నువ్వు చేత్తో ముట్టుకున్నావా? నిజంగా? మీ నాయనమ్మకి తెలిస్తే నన్ను సముద్రంలో తోస్తుంది." నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "తెలుసా, పొద్దున వార్డులో కళ్ళు తిరిగాయి. ఇవాళ ఇంటికెళ్ళి ఏదైనా తినాలి అనుకున్నాను." కంచం తీసింది. గరిటె తీసింది.

"ఆగండి," అంది పుష్పలీల.

"ఏం?"

"ఇప్పుడే వద్దు. కొంచెం సేపు."

"ఉడికిపోయిందమ్మా. చూడు."

"కాదు. కాసేపు ఆగాలి."

చెప్పకూడదనుకుంటూనే ఆమె కళ్ళు కిటికీ వైపు వెళ్ళాయి. మారిటెస్ కూడా అటు చూసింది. గోడ మీద కంచం.

"అదేంటి? పక్కింటి పిల్లికా?" ఇంకా నవ్వు మొహంలోనే ఉంది.

పిల్లికే అని ఉంటే అయిపోయేది. తర్వాత చాలాసార్లు పుష్పలీల అదే అనుకుంది. కానీ అబద్ధం కూడా ఇంగ్లీషులో వెతుక్కోవాలి కదా, వెంటనే దొరకలేదు.

"మీ అమ్మగారికి," అంది.

"మా అమ్మకా? బయటెందుకు..." అంటూనే మారిటెస్ ఆగిపోయింది. తన తండ్రికి కిటికీలో పళ్ళెం పెట్టిన మనిషి ఆవిడ. ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. మొహంలో నవ్వు ఎటు వెళ్ళిపోయిందో, దాని చోట ఏమీ రాలేదు.

"ఆకలేస్తుందని," అంది పుష్పలీల. "ఎవరూ పెట్టలేదని. కాకి తినాలి, తర్వాత మీరు..."

"మీ నాన్న చెప్పాడా?"

"లేదు."

"నా తమ్ముడు ఫోన్ చేశాడా? నాకు చెప్పకుండా మీ ఇద్దరికీ ఏమైనా చెప్పాడా?"

"లేదు, లేదు పిన్నీ."

"మరి నీకెవరు చెప్పారు?"

మారిటెస్ గరిటె కింద పెట్టి, తలుపు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా తడి యార్డులోకి నడిచింది. కంచం రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా, జాగ్రత్తగా లోపలికి తెచ్చింది. తెచ్చి, అన్నంతో సహా గిన్నెలో వంపేసింది.

పుష్పలీల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పోయినవాళ్ళకని బయట పెట్టింది తిరిగి గడప దాటకూడదు, ఇక వంట గిన్నెలో కలపడమంటే... మారిటెస్ గరిటె పెట్టి అడుగు నుంచీ కలిపింది. ఏది గోడ మీదిదో, ఏది ఇంట్లోదో తెలియకుండా కలిపేసింది. రెండు కంచాల్లో వడ్డించింది. ఒకటి పుష్పలీల ముందుకి తోసింది.

"ఇది బతికున్నవాళ్ళు తినే కూడు," అంది. తర్వాత తెలుగులో, తనకి వచ్చిన ఆ కాస్త తెలుగులో, "తిను."

పుష్పలీల ముక్క నోట్లో పెట్టుకుంది. ముందు బెల్లం తగిలింది, వెనక ఉప్పు, ఆ వెనక పులుపు. కొవ్వు నమలకుండానే కరిగిపోయింది. బాగుంది. బాగుండటమే తట్టుకోలేకపోయింది. బాగోకపోతే ఉమ్మేసి ఏడవచ్చు.

ఎదురుగా మారిటెస్ తింటోంది. కంచం వైపు చూడకుండా, కళ్ళలోంచి కారేది తుడుచుకోకుండా, ఒక ముద్ద గొంతు దిగకముందే ఇంకొకటి పెట్టుకుంటోంది. కంచం ఖాళీ అయితే మళ్ళీ వడ్డించుకుంది. పుష్పలీల చెయ్యి ఆగితే, గిన్నెలోంచి ఇంకో రెండు ముక్కలు తీసి ఆమె కంచంలో వేసింది. ఒక్క ముక్క మిగిలినా అది ఎవరికో పెట్టినట్టవుతుందని కాబోలు.

ఈవిడ ఎప్పుడు తింటుందా అని అన్ని రోజులూ మెట్ల దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడిన పిల్ల, ఇప్పుడు ఆపితే బాగుండును, ఒక్క నిమిషం ఆపి గట్టిగా ఏడిస్తే బాగుండును అనుకుంటూ చూస్తోంది. మారిటెస్ ఆపలేదు. గిన్నె అడుగున అంటుకున్న పులుసుని కూడా అన్నంతో తుడిచి, అది కూడా తినేసింది.