క్రిస్మస్ చూడని ల్యాప్‌టాప్

శనివారం ఆసుపత్రిలో చీటీలు రాసే పని ఒంటిపూటే. తబిత మంగల్‌పేటలోని ఇంటికి చేరేసరికి గడప ముందు ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఒకరి ఒళ్ళో కుక్కరు, ఇంకొకరి చంకలో మిక్సీ, గోడకు ఆనించి ఓ సీలింగు ఫ్యాను. ఏదీ ఇంకా కొన్నది కాదు. బీదరు దుకాణాల వాళ్ళకు ఇది అలవాటే. "తబితమ్మకు చూపెట్టి రాండ్రి, బిల్లు తర్వాత రాసుకుందాం" అని సామాను చేతికిచ్చి పంపేస్తారు.

తబిత కాళ్ళు కడుక్కుని, చేతులు తుడుచుకుని, కుడి అరచేయి ఆ వస్తువు మీద పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. "పదకొండు క్రిస్మస్‌లు" అంటుంది. అంటే ఆ కుక్కరు ఆ మనిషి చేతిలో పదకొండేళ్ళు ఉంటుందని. పక్కింటి నర్సమ్మ ఆ లెక్కను దసరాల్లోకి మార్చుకుని, ఓ రెండు నెలలు తగ్గిందని ప్రతిసారీ అలుగుతుంది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు. చెయ్యి చెప్పింది చెప్పినట్టే జరుగుతుందని ఊరందరికీ తెలుసు.

అంకె మరీ చిన్నదైతే ఆ వస్తువు వదిలేసి ఇంకోటి చూసుకుంటారు. వస్తువే పాడవుతుందా, ఎవరైనా ఎత్తుకుపోతారా, లేక మనిషికే ఏమన్నా అవుతుందా అన్నది చెయ్యి చెప్పదు. అందుకే కొనకముందే చూపించుకోవాలి. తబిత మేనమామ కిష్టప్ప ఒక్కడు మాత్రం తొందరపడి స్కూటరు కొనేసి, ఆ తర్వాత మేనకోడలికి చూపించాడు. ఈ క్రిస్మస్ కూడా లేదని ఆమె చెయ్యి చెప్పింది. కిష్టప్ప భయపడి అదే పూట గాంధీ గంజ్ బజారులో దాన్ని అమ్మేసి, బరువు దిగిందనుకుంటూ నడిచి వస్తుంటే కందిపప్పు లారీ ఒకటి వెనక్కి వచ్చి గుద్దింది, అక్కడికక్కడే పోయాడు. స్కూటరు ఇప్పటికీ కమఠాణ దారిలో ఎవరి కిందో తిరుగుతోంది. కొన్నాక చేతులు దులుపుకుంటే వదలదని ఊరికి ఆ రోజు తెలిసింది.

తబిత మొగుడు స్టాన్లీ అదే గంజ్‌లో ఒక పప్పుల వ్యాపారి దగ్గర కంప్యూటర్ మీద బిల్లులు కొడతాడు. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ కరెంటు వచ్చీ పోయీ ఎండాకాలంలో కాలిపోయింది. అప్పట్నుంచీ ల్యాప్‌టాప్ యావ పట్టుకుంది. నలభై ఐదు వేలు దాటకూడదు. బిల్లులు, సినిమాలు సాఫీగా నడవాలి. సాయంత్రం కాసేపు ఆటలూ ఆడుకోవాలి. యూట్యూబులో చూసిందంతా ఓ నోటుబుక్కులో రాసుకున్నాడు. ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది, ఎంతసేపట్లో వేడెక్కుతుంది. పెళ్ళి సంబంధానికి కూడా ఇంత వాకబు చేయలేదని తబిత ఆటపట్టించేది.

నవంబరులో ఆ మాట ఆపేసింది. హైదరాబాదులో ఇవాళో రేపో మెట్రో రైలు నడుస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. మాదాపూర్‌లో ఉన్న స్నేహితుడు స్టాన్లీకి ఫోను చేశాడు. ఆటలు ఆడి వాటిలో తప్పులు పట్టుకునే ఉద్యోగమట. ఇక్కడి జీతానికి రెండింతలు. మొదటి మూడు నెలలు సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి.

తబితకు తన అక్క కాపురం గుర్తొచ్చింది. అక్క సారా మొగుడు కూడా ఇలాగే ప్లాట్ల వ్యాపారమని హైదరాబాదు వెళ్ళాడు. మొదట వారం వారం వచ్చాడు, తర్వాత నెలకోసారి. ఇప్పుడు అక్కడ అతనికి ఇంకో ఇల్లు, ఆ ఇంట్లో ఇంకో మనిషి. సారా ఎవరితోనూ ఆ సంగతి ఎత్తదు.

జహీరాబాదు నుంచి వచ్చి బీదరులో దుకాణం పెట్టుకున్న ఈశ్వర్, గాజు బల్ల మీద రెండు ల్యాప్‌టాపులు తెరిచి పెట్టాడు.

"గీ బడ్జెట్ల అన్నీ ఒక్కదాంట్ల దొరకవన్నా. గీ సన్నటిది మొయ్యనీకి అల్కగుంటది, బ్యాటరీ ఆరు గంటలొస్తది. ఆటలు మాత్రం జర సెట్టింగ్ తగ్గించి ఆడుకోవాలె. గా లావుదైతే ఎసుంటి ఆటైనా ఆగకుండ నడుస్తది. కానీ వేడి, ఫ్యాను మోత. బ్యాటరీ గంటన్నర గూడ రాదు. ఇంట్ల టేబుల్ మీద పెట్టుకునేటోళ్ళకు అది."

స్టాన్లీ రెండింటి మీటలూ నొక్కి చూశాడు. స్క్రీను వంచి, పక్కనుంచి చూసి, సన్నటిదాన్ని ఒక చేత్తో ఎత్తి చూశాడు. "బస్సుల మోసుకపోవాలె గదా, ఇదే మంచిగుంది. తబితా, చెయ్యి పెట్టు."

ఆమె పెట్టింది. తొమ్మిది క్రిస్మస్‌లు. అంత స్పష్టంగా ఏ వస్తువూ ఎప్పుడూ చెప్పలేదు. అరచేతి కింద అవి ఒకదాని పక్కన ఒకటి వెచ్చగా తగులుతున్నాయి. ఆ తొమ్మిదీ హైదరాబాదులోనే గడుస్తాయని ఆమెకు అనిపించింది.

"ఈ క్రిస్మస్ గూడ లేదు" అంది తబిత.

పుట్టి బుద్ధెరిగాక తన చెయ్యి గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. పక్కన చార్జరు కొనుక్కుంటున్న ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఈశ్వర్ సన్నటిదాని మూత మూసి, బల్ల కిందికి తోసేశాడు. "గా ధరల అసుంటిది ఇంకోటి లేదక్కా" అన్నాడు మెల్లగా.

"మరి ఇది?" అని స్టాన్లీ లావుదాన్ని ముందుకు జరిపాడు. మొహంలో ఉత్సాహమంతా ఆరిపోయింది. తబిత, ముట్టుకుంటే మొహంలో ఏం బయటపడుతుందోనని, మూతకు వేలెడు ఎత్తులో అరచేయి ఆపి, "ఎనిమిది" అంది. స్టాన్లీ డబ్బు కట్టాడు.

ఇంటికొచ్చాక అతను మాదాపూర్‌కు ఫోను చేశాడు. "ఇప్పుడైతే రానురా. గీ లావుదాన్ని రోజూ మోసుకొని తిరగలేను. కొన్ని దినాలైనంక చూస్త." తబిత వంటింట్లోంచి ఆ మాట విని సంతోషించింది. సంతోషించినందుకు సిగ్గుపడింది. అతనికి ఇష్టమని కోడికూర వండింది గానీ తను ఒక్క ముద్ద కూడా సరిగా తినలేకపోయింది.

మర్నాడు ఆదివారం. ఆ పేట ఇళ్ళలో కొత్త వస్తువేది వచ్చినా చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేయాలి. వస్తువును బల్ల మీద పెట్టి ఇంటిల్లిపాదీ దాని మీద చేతులుంచుతారు. ఆరాధన అయ్యాక జయానందం అయ్యగారు వచ్చారు, సారా వచ్చింది, నర్సమ్మ వచ్చింది. ఇది ప్రతిసారీ జరిగేదే, అయినా నిన్న దుకాణంలో తబితకు ఇది తట్టలేదు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"తబితమ్మా, టీ తర్వాత. నీ చెయ్యి లేకుంటే ఎట్లనమ్మా" అని పిలిచారు అయ్యగారు. ఆమె వచ్చి ఎడమచెయ్యి పెట్టింది. స్టాన్లీ నవ్వి, ఆమె కుడిచెయ్యి పట్టుకుని తనే మూత మీద ఆనించాడు.

అరచేతి కింద ఏమీ లేదు. ఎనిమిది లేవు, ఒకటి లేదు, నెల రోజుల్లో రాబోయే క్రిస్మస్ కూడా లేదు. చల్లటి ప్లాస్టిక్కు మాత్రం ఉంది.

అయ్యగారు దీర్ఘంగా ప్రార్థిస్తున్నారు. ఈ యంత్రం ఈ కుటుంబానికి మేలు చేయాలని, స్టాన్లీ చేతి పనిని ప్రభువు దీవించాలని. తబితకు ఆ రోజు లారీ పక్కన పడి ఉన్న కిష్టప్ప మామ చెప్పులు గుర్తొచ్చాయి. దుకాణంలో వాపసు ఇచ్చినా, అమ్మేసినా, స్టాన్లీకీ ఆయనకు పట్టిన గతే. ముగిసిపోవాల్సింది ఒకటుంది. అది వస్తువు కాకపోతే మనిషి. అయితే వస్తువే పోవాలి. వెంటనే పోవాలి.

"ఆమేన్" అన్నారందరూ. తబిత వైరు లాగేసి, ల్యాప్‌టాపును రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. బట్టలుతికే బండ మీద బలమంతా పెట్టి కొట్టింది. మూడోసారికి స్క్రీను ఊడి పక్కన పడింది. మీటలు పల్లీ గింజల్లా పెరడంతా చెదిరిపోయాయి. నర్సమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఏం జేసినవ్ తబితా?" అన్నాడు స్టాన్లీ.

ఆమె పరుగున వచ్చి అతని మణికట్టు మీది గడియారం పట్టుకుంది. "ఇరవై మూడు" అంది. ఏడుస్తూ నవ్వింది. "ఇరవై మూడు క్రిస్మస్‌లున్నయి. నీకేం గాదు, ఏం గాదు." ఆ ఊపులోనే అంతా చెప్పేసింది. సన్నటిదానికి తొమ్మిది వచ్చాయని, లావుదాన్ని అసలు ముట్టనే లేదని, అతను హైదరాబాదు పోతాడని భయపడ్డానని. అయ్యగారు తల వంచుకుని విన్నారు. సారా మాత్రం చెల్లెలి మొహంలోకి చూడలేకపోయింది.

స్టాన్లీ వంగి ఒక్కొక్క మీటా ఏరి దోసిట్లో పోసుకున్నాడు. "నువ్వే పలగ్గొడ్తవని నీ చెయ్యికి ముందుగాల్నే ఎర్కనేమో. నాకేం గండం లేకుండె."

అది నిజమో కాదో తెలుసుకునే దారి ఇక లేదు.

సోమవారం అతను వాయిదాల మీద ఆ సన్నటిదే తెచ్చుకున్నాడు. ఈశ్వర్ ఈసారి ఎవరికీ చూపించుకు రమ్మనలేదు. శనివారం గడప ముందు ఒక్కరూ లేరు. ఆ సంగతి తబితకు పట్టనే లేదు, ఎందుకంటే ఆదివారం ఉదయం బస్సుకు స్టాన్లీ బట్టలు సర్దుకుంటున్నాడు.

ఆదివారం అతను ఉప్మా తిని లేచాక, ఆ పళ్ళెం తీయబోయి ఆమె ఆగిపోయింది. అతను రోజూ తినే స్టీలు పళ్ళెం. అరచేతి కింద ఏమీ లేదు. గబగబా లోపలికి వెళ్ళి అతని దిండు ముట్టుకుంది. ఏమీ లేదు. వాకిట్లో అతని బండి సీటు మీద చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. పరిగెత్తుకొచ్చి అతని గడియారం పట్టుకుంది. ఇరవై మూడూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. మనిషికేమీ కాదు. ఈ ఇంటి వస్తువులు మాత్రం ఇక అతని చేతిలోకి రావు.

"మల్లేమైంది?" అన్నాడు స్టాన్లీ, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. ఇన్ని రోజుల్లో ఆ గొంతులో కొంచెం మెత్తదనం వినిపించడం ఇదే మొదలు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను గడప దాటి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"క్రిస్మస్‌కు వస్త తియ్యి."

అబద్ధమాడుతున్నాడని ఆమెకు అనిపించలేదు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. అందుకే దుఃఖం ఇంకా ఎక్కువైంది.

"సరే," అంది తబిత. "నీ పళ్ళెం కడిగి పెడ్త."