లాభం తర్వాత రెండు

చేవెళ్ల బజారులో పరమేశ్వర్ సేటు గింజల దుకాణం ముందు ఆ గురువారం పొద్దున్నే మూడు ఎడ్లబండ్లు వచ్చి ఆగాయి. ముందు బండిలోంచి షేర్వాణీ తొడుక్కున్న మనిషి దిగాడు. పేరు రామేశ్వర్ అని, పట్నంలో గింజల వ్యాపారమని, దుకాణంలోని కందులన్నీ తనకే కావాలని చెప్పాడు. ధర అడిగాడు. చెప్పగానే సరేనన్నాడు. రాశిని కళ్లతోనే అంచనా కట్టి, జేబులోంచి చెక్కుల పుస్తకం తీసి, అక్కడికక్కడే ఒక చెక్కు రాసి ఇచ్చాడు.

చెక్కు అనేదాన్ని ఆ దుకాణం చూడడం అదే మొదలు. పరమేశ్వర్ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

లోపలి తలుపు వెనక నుంచి కోడలు కన్యక ఇదంతా చూస్తోంది. కాపురానికొచ్చి ఏడాది అవుతున్నా, మామ ఎదుట ఆమె ఒక్క మాట మాట్లాడి ఎరగదు. "మా కోడలు మాటలు దాస్తున్నది. ఏదో ఒకనాడు మిత్తితోని తీస్తది" అని, అసలూ వడ్డీ లెక్క చెప్పినట్టు, అత్త సావిత్రమ్మ నవ్వుతుండేది.

ఆ కందులు మొయినాబాదు దాకా ఉన్న ఊళ్ల రైతులవి. అమ్మినంక పైసలియ్యి సేటూ అని, నమ్మకం మీద దింపిపోయినవి. అవి ఉత్త కాగితానికి పోతే దుకాణానికి తాళమే.

కొలిచే బిక్షం రాశి ముందు కూర్చుని కుంచం నింపి ఎత్తాడు. రామేశ్వర్ వేలు చూపించి, "ఒకటి" అన్నాడు.

బిక్షం చెయ్యి గాలిలోనే ఆగింది. "లాభం అనాలె సేటూ."

"ఆఁ, అదే. కానియ్యి, జల్ది కానియ్యి."

కన్యక మళ్లీ రామేశ్వర్ ముఖం చూసింది. గింజ కొలిచే చోట ఒకటి అన్న అంకె ఉండదు. మొదటి కుంచం లాభం, ఆ తర్వాత రెండు. కొండకల్‌లో ఆమె పుట్టింటి వాకిట్లో ఆడుకునే పిల్లలు కూడా ఇసుకను అట్లాగే కొలిచేవాళ్లు. పట్నంలో గింజలమ్మే మనిషికి ఇది తెలియదా?

వంటింట్లోకి వెళ్లి అత్త చెవిలో వేసింది. "ధర గూడ బేరమాడలేదు అత్తమ్మా."

సావిత్రమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "పైసలిచ్చేటోడు బేరమాడుతడు. ఇయ్యనోనికి బేరమెందుకు?"

సావిత్రమ్మ మంచినీళ్ల వంకతో భర్తనూ, కొడుకు కాశీనాథ్‌నూ పెరట్లోకి పిలిచి సంగతి చెప్పింది. పరమేశ్వర్ తల పట్టుకున్నాడు. "ఇంటికొచ్చిన గిరాకిని దొంగవని ఎట్లంటనే? నిజంగ సేటే అయితే మన ఇజ్జత్ ఏంగావాలె?"

"నువ్వేమనకు. రేపు శుక్రవారం, నవాబు సర్కారు సెలవు, బ్యాంకు బంద్. పిలగాడు ఇప్పుడే బస్సెక్కి పోయి కాగితం చూపిచ్చుకొని వస్తడు. అప్పటిదాంక కందులు కదలొద్దు, అంతే."

"ఎట్ల ఆపుతవ్?"

కన్యక తల వంచుకుని అత్త కొంగు లాగి, మామకు వినపడకుండా ఆమె చెవిలో అంది. "నడుమ మాట పడితే లెక్క పోతది గద."

ఆ దుకాణంలో అది తాతల నాటి కట్టుబాటు. కొలత నడుస్తుండగా అంకె తప్ప వేరే మాట ఎవరు పలికినా లెక్క చెడినట్టే. కొలిచిందంతా రాశిలో కలిపి మళ్లీ లాభం నుంచి ఎత్తుకోవాలి. లెక్క ముగియనిదే ఒక్క గింజ బండెక్కదు.

కాశీనాథ్ పెరటి దారిన చెక్కుతో పట్నం బస్సెక్కాడు. సావిత్రమ్మ మురుకుల పళ్లెంతో ముందుకొచ్చింది.

"సేటుగారూ, జర రుచి చూడుండ్రి."

"బాగున్నయమ్మా" అన్నాడు రామేశ్వర్.

"మాట పడ్డది" అన్నాడు బిక్షం. కొలిచినవన్నీ రాశిలో పోసి, "లాభం" అన్నాడు.

కొంతసేపటికి సర్వపిండి వచ్చింది. కారమెక్కువైందా అని సావిత్రమ్మ అడిగింది. లేదన్నాడు. మళ్లీ లాభం. ఎండ ఎక్కింది. ఇంకెంతసేపని అతనే విసుక్కున్నాడు. మళ్లీ లాభం. బండ్లవాళ్లు ఎడ్లను విప్పి మేతకేసి, దుకాణం అరుగు మీద పడుకుని నవ్వుకుంటున్నారు.

భోజనమయ్యాక రామేశ్వర్‌కు తెలివొచ్చింది. "సేటూ, ఒట్టు పెట్టుండ్రి. ఈసారి మీరు, మీ ఇంటామె, నేను, ఎవ్వరం నోరు తెరవద్దు. బిక్షం లెక్క తప్ప ఇంకో మాట పలకొద్దు."

వద్దనడానికి దారి లేక పరమేశ్వర్ సరేనన్నాడు. సావిత్రమ్మ కూడా తలూపింది. రామేశ్వర్ తన నోటికి దస్తీ కట్టుకుని కూర్చున్నాడు.

బిక్షం గొంతు తప్ప ఇంకే చప్పుడూ లేదు. రాశి కరిగిపోతోంది. బస్సు జాడ లేదు. పరమేశ్వర్ మాటిమాటికీ బజారు చివరకు చూస్తున్నాడు. మిగిలినవి నాలుగైదు కుంచాలే. సావిత్రమ్మ తలుపు వైపు తిరిగి కోడల్ని చూసింది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉందని రామేశ్వర్‌కు తెలియదు. ఆమె ఏ ఒట్టూ పెట్టలేదు.

కన్యక మజ్జిగ చెంబు అందుకుంది. కొంగు బిగించుకుని గడప దాటింది.

"మామా, మజ్జిగ తాగుతరా?"

దుకాణమంతా ఆమె వైపు తిరిగింది. పరమేశ్వర్ కూర్చున్నచోటి నుంచి లేచాడు. "తాగుత బిడ్డా" అన్నాడు.

"మాట పడ్డది" అని బిక్షం ఎంతో సంతోషంగా కందులు రాశిలో కుమ్మరించాడు.

రామేశ్వర్ దస్తీ పీకి లేచేసరికి బజారు చివర బస్సు మోత వినిపించింది. కాశీనాథ్ ఒగరుస్తూ వచ్చాడు. "బాపూ, ఆ పుస్తకం ఎవరో పారేసుకున్నదంట. ఈయన పేరు మీద బ్యాంకుల ఖాతనే లేదు."

రామేశ్వర్ చెప్పులు కూడా వేసుకోకుండా అరుగు దిగాడు. బండ్లవాళ్లు అడ్డం నిలబడ్డారు. "కిరాయి ఇచ్చి పో సేటూ. మాకు కాగితం వద్దు." వాళ్లలో ఒకడు షేర్వాణీ కొస పట్టుకున్నాడు. పోలీసు పటేలు వచ్చేదాకా వదల్లేదు.

పొద్దు వాలింది. బండ్లవాళ్లకు కూడా సావిత్రమ్మ వడ్డించింది. వడ్డిస్తూ, "తీసింది సూడు, మిత్తితోని" అని కోడల్ని మోచేత్తో పొడిచింది.

పరమేశ్వర్ మజ్జిగ చెంబు దించాడు. "కాశీనాథూ, ఇగ ఎవరు చెక్కు ఇచ్చినా వద్దనకు. కానీ కాగితం ముందు బ్యాంకుకు పోవాలె. పైసలు చేతికొచ్చినంకనే కుంచం లేవాలె." తర్వాత రాశి వైపు తిరిగాడు. "ఇంతకూ ఎన్ని కుంచాలున్నయ్ రా బిక్షం?"

"ఎక్కడ ముగియనిచ్చిండ్రు?"

"అయితే ఇప్పుడు కొలువు. బిడ్డా కన్యకా, ఇట్ల రా. మొదటిది నువ్వు పలుకు."

బిక్షం కుంచం నింపి ఎత్తి పట్టుకున్నాడు. కన్యక తలుపు దాటి వచ్చి నిలబడింది.

"లాభం" అంది, బజారులోని వాళ్లకు కూడా వినిపించేలా.