పొగ ఆగిన ఊరి ప్రశ్న

ఆదివారపు పూజ ముగిసి జనమంతా ఇళ్లకు మళ్లిన పిమ్మట, చర్చి నేలమాళిగలోని పొడవైన బల్ల వద్ద ఇద్దరే మిగిలారు. ఒకరు ఒనెసీమ్ పెలెటియే. ఆ చర్చిలో ఫాదర్‌కు పూజలో సాయపడే డీకన్. పూర్వం కళాశాలలో తర్కం బోధించినవాడు. మరొకరు రషెల్, ఆయన మేనల్లుడు గేతాన్ భార్య. గేతాన్ ఊరి కాగితపు మిల్లులో పనిచేసి, అది మూతపడిన కొంతకాలానికి ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశాడు.

స్కూలు బస్సు నడిపే రషెల్ న్యాయవాదై ఆ మిల్లు కంపెనీ మీద కేసు నడపాలని సంకల్పించింది. లా స్కూలు ప్రవేశపరీక్షలో నిరుడు కొద్దిలో తప్పింది. వచ్చే శనివారం మళ్లీ పరీక్ష. ఈసారి తప్పితే ఇక రాయనని నిశ్చయించుకుంది. ఆమె తప్పులన్నీ ఒకే తావున పడుతున్నాయి: ఇచ్చిన వాదనను బలహీనపరిచే జవాబు ఎంచుకోమన్న చోట.

ఒనెసీమ్‌ది ఒక పద్ధతి. ముందు వాదనను చదవాలి. కింది జవాబులను అట్టముక్కతో కప్పి ఉంచి, లోపమేదో సొంత మాటల్లో చెప్పాలి. ఆ తరువాతే అట్ట తీయాలి. రషెల్ కప్పేది మాత్రం గేతాన్ అంత్యక్రియలనాడు పంచిన ప్రార్థన కార్డుతో. దానికి ఒకవైపు మరియమాత, మరొకవైపు గేతాన్ ముఖం.

"చదువమ్మా," అన్నాడు ఒనెసీమ్.

"ఒక పట్టణంలో ఫ్యాక్టరీ మూతపడిన తరువాత ఊపిరితిత్తుల రోగుల సంఖ్య సగానికి పడిపోయింది. కాబట్టి ఆ రోగాలకు ఫ్యాక్టరీ పొగే కారణం. కిందివాటిలో ఏది నిజమైతే ఈ వాదన బలహీనపడుతుంది?"

"లోపమెక్కడుంది?"

"లోపమేం లేదు మావయ్యా."

"లేకపోతే ప్రశ్నెందుకేస్తారు?"

"రాసినవాడు కంపెనీ జీతగాడై ఉంటాడు."

"వాడి సంగతి తరవాత తేల్చుకుందువు గానీ, ముందు జవాబు పెట్టు."

ఆమె కార్డు పక్కకు జరిపి, యజమానులు పొగ వివరాలు దాచిపెట్టారన్న జవాబుకు గుర్తు పెట్టింది.

"ఇది వాదనను పడగొట్టిందా, యజమానుల పరువు తీసిందా?"

"వాళ్ల పరువు తీయొద్దా మరి?"

"తీయాల్సిందే. మార్కు మాత్రం రాదు."

రషెల్ పెన్సిల్ బల్లమీద పడేసింది. "పొగ వల్ల కాదని నా చేత్తో నేనే గుర్తు పెట్టాలా? గేతాన్ చివరి రోజుల్లో ఎలా ఊపిరి తీశాడో మీరు చూళ్లేదా?"

ఆయన చూశాడు. ఆ మంచం పక్కన కూర్చుని కీర్తనలు చదివినవాడు ఆయనే. ఒక్కొక్క చరణం నడుమ ఆ రొప్పు తగ్గేదాకా ఆగినవాడూ ఆయనే. కార్డును మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"ఈ ముఖం కింద జవాబులు పెట్టుకుని ఎవరూ సరిగ్గా చదవలేరు తల్లీ. నేనూ చదవలేను. దీన్ని నీ జపమాలతో దాచుకో." ఖాళీ డోనట్ల పెట్టె మూత చింపి ఆమె ముందుంచాడు. "బలహీనపరచడమంటే ఆ మాట అబద్ధమనడం కాదు. మాట నిజమే కావచ్చు. ఈ ఆధారం దాన్ని మోయలేదని చెప్పడం, అంతే. నువ్విక్కడ అనకపోతే రేపు కోర్టులో కంపెనీ వకీలు అంటాడు. అప్పుడు నీ వెనక కూర్చున్న మిల్లు పనివాళ్ల భార్యలకేం చెప్తావు?"

ఆమె ఆ అట్టముక్కతో జవాబులు కప్పి, వాదనను మళ్లీ చదివింది. ఈసారి పెదవులు కదుపుతూ, మెల్లగా.

"సగానికి తగ్గారు," అంది. "తగ్గారంటే బాగయ్యారనా? ఫ్యాక్టరీ పోతే పనివాళ్లెందుకుంటారు? మన వీధిలో సగం ఇళ్లకి తాళాలే. వాళ్లు పోతే వాళ్ల దగ్గూ వాళ్లతోనే పోతుంది."

అట్ట తీసింది. ఫ్యాక్టరీ మూతపడగానే అందులో పనిచేసినవారిలో అత్యధికులు ఊరు విడిచి వెళ్లారన్న జవాబు మూడవదిగా ఉంది. దానికి గుర్తు పెట్టింది.

"సరే," అన్నాడు ఒనెసీమ్.

ఆమె ముఖంలో సంతోషం లేదు. "మావయ్యా, మిల్లు మూశాక ఊళ్లో జబ్బు తగ్గింది, కాబట్టి పొగే కారణమనే కదా నేనిన్నాళ్లూ అందరికీ చెప్తున్నాను. చర్చి మెట్ల మీద చెప్పాను, మేయరు ముందు చెప్పాను. అది నిలబడదన్నమాట."

"నిలబడదమ్మా."

"మీకు ముందే తెలుసు."

"తెలుసు. ఏడుస్తున్న మనిషిని ఆపి తప్పులు దిద్దడానికి నాకు మనసొప్పలేదు."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట మంచు కరిగి, మెట్ల పక్కగా సన్నని ధారగా పారుతోంది. కొంతసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది:

"గేతాన్‌తో మిల్లులో చేసిన రెజిస్ కనెటికట్ రాష్ట్రానికి వెళ్లాడు. క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు ఊపిరందక మాట మాటకీ ఆగాడు. సిగరెట్లు మానేశానులే వదినా, అదే సర్దుకుంటుందన్నాడు. మిల్లులోనే చేసిన బెర్త్ వాళ్లన్న కూడా అటే వెళ్లాడు. వీళ్లంతా ఎలా ఉన్నారో ఎవరైనా అడిగారా?"

"నేనెరిగి ఎవరూ అడగలేదు."

ఆమె ఫోన్ తీసి రెజిస్ నంబరు వెతికింది. నంబరు దొరికింది. వేలు దాని మీద నిలిచి, అక్కడే ఆగింది. ఏమని అడగాలి? పొగ వల్లే కదా అంటే, అవుననే అంటాడు. ఆ ఆధారం కూడా నిలబడదు. ఎప్పుడు మొదలైంది, మిల్లులో ఏ విభాగంలో చేశాడు, అక్కడ చేయనివాళ్లు ఎలా ఉన్నారు, ఆ కొత్త ఊళ్లో గాలి ఎలాంటిది: ఇవన్నీ అడగాలి, తన జవాబును అతని నోట పెట్టకుండా అడగాలి.

ఫోన్‌ను బోర్లించి పెట్టి, పెన్సిల్ అందుకుంది.

"శనివారం పరీక్ష కానివ్వండి, వాళ్లందర్నీ అడుగుతాను," అంది. "తరవాతిది చదవండి మావయ్యా. జవాబులు నేను కప్పుతాను."