కుడివైపు మర

ఇస్బెల్ హీటరు మీద అరచెయ్యి పెట్టి చూసింది. కాలింది గానీ, చాలదు. రాత్రి చవక కరెంటుతో లోపలి ఇటుకలు కాగితే, ఆ వేడి మర్నాడంతా వాడుకోవాలి. ఎంత కాగాలో ఎడమ మర చెబుతుంది, ఎంత వదలాలో కుడి మర. రేపటి చలిని ఇవాళే ఊహించాల్సిన దిక్కుమాలిన పెట్టె అది. నిన్న గాలి మెత్తగా ఉందని నమ్మి ఎడమ మర సగానికే తిప్పింది. తెల్లారేసరికి గాలి ఉత్తరానికి మళ్ళి, బకీ ఊరి రేవంతా మంచు కప్పేసింది.

"నా బుద్ధికి గడ్డి పెట్టాలి," అంది.

కిటికీ పక్క కుర్చీలో మొగుడు వాటీ దగ్గుతున్నాడు. జీవితమంతా చేపల పడవల మీద గడిపినవాడు, ఇప్పుడు బొగ్గు బకెట్టు ఎత్తలేడు. పొయ్యి సాయంత్రం ఆమె వచ్చి రాజెయ్యాల్సిందే. అందాకా ఈ పెట్టే దిక్కు.

"మధ్యాహ్నం కాగానే కుడి మర పూర్తిగా తిప్పు. పొదుపు చేశావంటే ఊరుకోను."

"నువ్వు ఊరుకున్న రోజేది?" అన్నాడు వాటీ. "నువ్వొచ్చేసరికి అది చల్లారిపోతుంది. నీ చేతులేమో మంచుముక్కల్లా ఉంటాయి."

"నా చేతుల సంగతి నీకెందుకు? చలి తగలకూడదని డాక్టరు చెప్పలేదూ?"

"ఆయనేం సముద్రం చూశాడు! పోవే, బస్సు పోతుంది."

చేపలు కోసే షెడ్డులో మంచుగడ్డల మధ్య హాడక్ చేపలు గుట్టగా పడి ఉన్నాయి. ఇస్బెల్ మొప్ప వెనక కత్తి దించి, వెన్నెముక వెంబడి తోకదాకా లాగుతోంది. ఎన్నేళ్ళుగానో అదే పని. ఎడమ బొటనవేలికి స్పర్శ పోయి చాలా కాలమైంది. ఇవాళ మాత్రం కత్తి మాటమాటికీ ఎముకలోకి దిగబడుతోంది.

"ఏమ్మా, మొగుడి మీద బెంగా?" అంది పక్క బల్ల దగ్గర రోనా. "ఆ చేప మళ్ళీ ఈదేట్టుంది, చూసుకో."

ఇస్బెల్ ఆ చేపను పక్కకి నెట్టి ఇంకోటి అందుకుంది. మధ్యాహ్నం టీ విరామంలో ఇంటికి ఫోను చేసింది.

"తిప్పావా?"

"తిప్పాను."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ. ఇక్కడ చెమటలు పడుతున్నాయి."

మాట మధ్యలో పళ్ళు టకటకలాడిన చప్పుడు. ఆమె ఫోను పెట్టేసింది. ఇంటికి పోతానని మేస్త్రీని అడిగింది. లారీ నిండేదాకా కదలడానికి వీల్లేదన్నాడు. ఆమె ఏప్రను విప్పి బల్లమీద పడేసి బయటికి నడిచింది.

మంచులో బస్సు చీమలా పాకింది. ఇస్బెల్ దారంతా డ్రైవర్ని మనసులో తిట్టుకుంటూనే ఉంది.

తలుపు తీస్తే లోపల కూడా ఊపిరి పొగలా కనబడింది. వాటీ అదే కుర్చీలో ఉన్నాడు. పడవ కోటు మెడదాకా బిగించుకున్నాడు, ఉన్ని టోపీ చెవులమీదికి లాక్కున్నాడు. గడ్డం గుండెల మీద ఆనింది.

"వాటీ."

చెయ్యి పట్టుకుంది. తన చేతులే మంచు, ఆ చెయ్యి అంతకన్నా చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. ఊపిరి లేదు.

హీటరు మీద రెండు చేతులూ ఆనించింది, రోజూ వచ్చీరాగానే చేసే పనే. చుర్రుమంది. కుడి మర మూసిన వైపే ఉంది. పొద్దుటి వేడి దాదాపు అలాగే ఉంది.

"నీ పొదుపు మండిపోను! నాకెందుకురా ఈ వేడి?" అని ఇల్లంతా వినబడేలా ఏడ్చింది.

ఏడుస్తూనే మర చివరిదాకా తిప్పింది. లోపలి మూత తెరుచుకుని వెచ్చటి గాలి కుర్చీ వైపు సాగింది. హీటరు ముందు, ఆమె కాళ్ళు పెట్టుకునే పీట మీద, వాటీ వరసగా పెట్టిన ఆమె ఉన్ని చెప్పులు వెచ్చగా ఉన్నాయి.