రెండు రొట్టెలు ఎక్కువ

నేను ఒక రొట్టెల పెనాన్ని. ఆదోనిలో ఒక కమ్మరి కొలిమి దగ్గర, మందపాటి ఇనుపరేకు నుంచి పుట్టాను. నన్ను కొన్న ముసలమ్మ ఇరవై ఏళ్లు నా మీద జొన్నరొట్టెలు కాల్చింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లోకి తెల్లన్నం వచ్చింది, పూరీలు వచ్చాయి, పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, దాని పక్కన నూనె కారే మిరపకాయ బజ్జీలు వచ్చాయి. నన్ను అటకెక్కించారు. లేనినాటి తిండిని గుర్తుచేసే సామాను ఎదురుగా ఉంటే మనుషులకు ఎందుకో నామోషీ.

మళ్లీ కిందికి దింపింది ఆ ఇంటి చిన్నకోడలు శశికళ. పెద్దకోడలు ఉరుకుందమ్మకు షుగరు పట్టుకుంది. ఒళ్లు తగ్గించకపోతే మోకాళ్లు పనికిరావని డాక్టరు చెప్పాడు. నూనె మానేసి జొన్నలు, కొర్రలు తినమని చీటీ రాసిచ్చాడు. ఉరుకుందమ్మ ఆ చీటీని పప్పుడబ్బా కింద పెట్టి మరిచిపోదామనుకుంది గానీ శశికళ కంట్లో పడనే పడింది. అంతే, నూనెడబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. తనూ ఒళ్లు చేసిన మనిషే. "నువ్వొక్కదానివే పత్యం తింటే పానం ఉసూరుమంటాది. నేనూ తింటాలే అక్కా" అంది.

రొట్టె చెయ్యడం శశికళకు రాదు. ఉరుకుందమ్మ అత్త దగ్గర నేర్చుకున్నదంతా తోడికోడలికి నేర్పింది. పిండిలో సలసలా కాగిన నీళ్లు పొయ్యడం, వేడిమీదే మర్దించడం, పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లు రాయడం. ఆమె రొట్టె తడుతుంటే రెండు దెబ్బలు మెత్తగా, ఒకటి గట్టిగా పడేవి. శశికళ చేతికి ఆ వరస చిక్కలేదు. ఆమెది ఎప్పుడూ తడబడే చప్పుడే.

ఆ ఆరునెలలు వంటింట్లో నవ్వులే నవ్వులు. కాల్చిన వంకాయ పచ్చడి, చెంచాడు నూనెతో గోంగూర పప్పు, కొర్రన్నంలోకి మునగాకు వేపుడు. ఒకరోజు బజ్జీల మీద మనసు పోతే శశికళ మిరపకాయలు చీల్చి, శనగపిండి పలుచగా పూసి, నూనె లేకుండా నా మీదే కాల్చింది. ఉరుకుందమ్మ ఒకటి కొరికి చాలాసేపు నమిలింది. "బజ్జీ సచ్చి దయ్యమైనట్టుందే" అంది. అయినా నాలుగు తింది.

ఉరుకుందమ్మ భర్త మహానంది పత్తి యార్డులో తూకాలు వేస్తాడు. ఒకరి బరువు ఒకరికి తెలియకూడదని తోడికోడళ్లిద్దరూ పత్తి కాటా మీద కలిసి ఎక్కేవాళ్లు. మొదటిసారి ఇద్దరికీ కలిపి నూట అరవై కిలోలు. ఆరునెలలకు నూట నలభై మూడు. తగ్గింది ఎవరెంతో ఇద్దరూ అడగలేదు.

వానాకాలం మధ్యలో ఉరుకుందమ్మకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో ఐదోరోజు పోయింది. విషజ్వరమని, తిండికీ దానికీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు. కానీ పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు నా పక్కనే కూర్చుని వేరే మాట అన్నారు. కడుపు మాడ్చుకున్న మనిషి జ్వరాన్నేం తట్టుకుంటుందని. శశికళ వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి, చెంబు కింద పెట్టి, అక్కడే గోడకు ఒరిగిపోయింది.

దినాలు అయ్యాక ఆమె నన్ను పొయ్యి మీద పెట్టింది. మునుపటిలాగే తనకు రెండు, అక్కకు రెండు. నాలుగు రొట్టెలకూ పిండి తడిపింది. పీట మీద చెయ్యి పడగానే నాకు ఒళ్లు జలదరించింది. రెండు మెత్తగా, ఒకటి గట్టిగా. శశికళకూ వినపడింది. చెయ్యి ఆపి వెనక్కి చూసింది. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. ఆ రోజు నుంచి ప్రతిరోజూ అదే చప్పుడు. అది నేర్చుకున్న చెయ్యో, వచ్చి కూర్చున్న చెయ్యో నాకు తెలియలేదు. ఇనుముకు భయం లేదంటారు. నేను మాత్రం వేడెక్కడానికి కూడా భయపడ్డాను.

అక్క కంచంలో రెండు రొట్టెలు పెట్టి మూతవేసేది. సాయంత్రానికి వాటిని తుంచి ఆవుకు పెట్టేది. వాటితోపాటు తనవీ పోతున్నాయని నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆమె భర్త లారీ మీద పోతే ఇల్లు చేరడానికి వారాలు పడుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు గడప దగ్గర నిలబడి, ఎంత సన్నబడ్డావమ్మా, ఏం వండుకుంటున్నావో మాకూ చెప్పు అని అడిగేవాళ్లు. ఆమె ఓపికగా అన్నీ చెప్పేది. వాళ్లు రాసుకుని పోయేవాళ్లు. మనిషి తరిగిపోతుంటే ముచ్చటపడేది ఒక్క మనుషులే అనుకుంటాను.

ఏడాది తిరిగే ముందు మహానంది ఆమెను యార్డుకు పిలిచి, ఒకసారి కాటా ఎక్కమన్నాడట. నలభై ఆరు. ఆయన ఆ అంకె పైకి చదవలేదట.

సంవత్సరీకం నాడు ఆకులో ఏం వడ్డించాలని శశికళ అడిగింది. "బజ్జీలు చెయ్యమ్మా. ఇంగ ఆయమ్మకు షుగరెక్కడిది" అన్నాడు మహానంది. ఆమె బీరువా తాళం తీసి బాణలి నిండా నూనె పోసింది. పక్క పొయ్యి మీద నేను రొట్టె కాల్చాను. రెండూ ఆకులో పెట్టి, పటం ముందు ఉంచి, పోయినవాళ్లు తినిపోవాలని కాసేపు తలుపు దగ్గరికి వేశారు. తర్వాత ఆ ఆకు ఇంటివాళ్లలో ఒకరు తినాలి. మహానంది దాన్ని తెచ్చి శశికళ ముందు పెట్టాడు.

"నాకొద్దు బావా" అంది ఆమె. "నూనె దాసిపెట్టింది నేను. ఆమెను సంపుకునింది నేను."

మహానంది పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఆస్పత్రిలో మూడోరోజు నాతో ఒక మాట చెప్పిందమ్మా. జరం రాకముందు, ఎవరికీ చెప్పకుండా రణమండల కొండ ఎక్కినాదంట. మెట్లన్నీ. యాడా కూసోలేదంట, ఎవురి చెయ్యీ పట్టుకోలేదంట. పెండ్లయినాంక అదే మొదటిసారి. శశికి చెప్పొద్దు, ఇంటికి పోయినాంక నేనే చెప్తా అనింది. అందుకే నేనూ చెప్పలేదు. ఆ మాట ఆమెదని."

శశికళ ఆకును దగ్గరికి లాక్కుంది. తర్వాత బజ్జీ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూనే నమిలింది, నములుతూనే రొట్టె విరిచింది. ఆకులో తునక మిగల్లేదు.

మర్నాడు పొద్దున ఆమె నన్ను పొయ్యి మీద పెట్టలేదు. కొండకు పోతున్నానని బావకు చెప్పి, నీళ్ల సీసా పట్టుకుని గడప దాటింది. మహానంది యార్డుకు పోయాడు. వంటింట్లో ఎవరూ లేరు. నేను గోడకు ఆనుకుని చల్లగా ఉన్నాను.

"దిగొచ్చేతలికి దానికి బాగా ఆకలైతాది" అన్న మాట నా పక్కనే వినపడింది.

నాకప్పుడు భయం వెయ్యలేదు.