లాండ్రీ అన్న

"అన్నా, ఆదివారం పొద్దున పదింటికల్లా మీ ఇంట్లో ఉంటాం. వదిన చేతి టీ తాగకుండా కదిలేది లేదు." మాడిన పాలగిన్నె తోముతూ, తడిచేత్తోనే ఫోన్ తీసి ఈ మాట చదివాను. చదివి మళ్ళీ గిన్నె అందుకున్నాను. అన్ననీ నేనే, వదిననీ నేనే. టీ అంటే పెడతాను, అన్నని ఎక్కణ్ణుంచి తేను?

నేను పళ్ళు తయారుచేస్తాను. డెంటల్ ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే దీపం. వెంట్రుకంత కుంచెతో పింగాణీ పొడి అద్ది, కొత్త పన్నుకి పక్క పన్ను రంగు వచ్చేలా చూడాలి. పేషెంటు అద్దంలో నవ్వు చూసుకుని డాక్టరుగారికి దండం పెట్టి వెళ్తాడు. అది సరే, అలవాటైపోయింది. ల్యాబులో ఐదుగురం ఉన్నా, ఎవరైనా పెద్దలు వచ్చి వెళ్ళాక కప్పులు కడగాల్సింది మాత్రం నేనే. "మీ చేతికి శుభ్రం ఎక్కువండీ" అంటాడు మేనేజరు, బిరుదు ఇస్తున్నట్టు. ఇంట్లోనూ అదే చేతికి అదే పని. అక్కడ బిరుదు కూడా లేదు.

ఆరేళ్ళ కిందట పళ్ళు ఇచ్చి రావడానికి వెళ్ళి, డాక్టరుగారి వెయిటింగ్ హాల్లో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే ఒక ఫోటో కనిపించింది. ప్రపంచ యుద్ధంలో సైన్యం వెనక నడిచిన బట్టలుతికే బండి. ఎంత యుద్ధమైనా ఎవరో ఒకరు ఉతకాలి కదా అని నవ్వొచ్చింది. తర్వాత ఆ బండి నన్ను వదల్లేదు. భోజనం వేళల్లో ప్లాస్టిక్ రేకు కోసి, పళ్ళు చెక్కే పనిముట్లతోనే చెక్కి, అరచేతిలో పట్టేంత బండి చేశాను. ఆపైన రొట్టెలు కాల్చే బండి, కబురు పావురాలను మోసే బండి. టాంకులు అందరూ చేస్తారు. ఎవరికీ పట్టని బళ్ళే నాకు కావాలి. "ఆఖరికి ఆటకి కూడా చాకిరీ బళ్ళేనా? ఒక టాంకన్నా చెయ్యి, నలుగురికీ చూపించుకోవచ్చు" అన్నాడు మా ఆయన. "ఈ వయసులో బొమ్మలేమిటే, నవ్విపోతారు" అంది అత్తగారు. నవ్వడానికైనా మా ఇంటికి ఎవరొచ్చారు గనక.

ఇలాంటి బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఫోన్లో ఒక గుంపుగా ఉన్నారని తెలిసి చేరాను. నా పేరు పెట్టలేదు, నా బట్టల బండి ఫోటో పెట్టాను. మొదటిరోజే ఎవడో "స్వాగతం లాండ్రీ అన్నా!" అన్నాడు. మొదట్లో మొహమాటానికి దిద్దలేదు, తర్వాత దిద్దడానికి మనసు ఒప్పలేదు. అక్కడ బోల్టు ఉన్నాడు. ఏదో వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాడట. ప్రతి బండికీ బోల్టులు లెక్కపెడతాడని ఆ పేరు. "అన్నా, కళ్ళున్నాయా నీకు? ఆ చక్రానికి ఐదు బోల్టులు, నువ్వు ఆరు వేశావు" అని విరుచుకుపడేవాడు. "ఆరే తమ్ముడూ, నువ్వే కళ్ళజోడు మార్చు" అనేదాన్ని. పదకొండు రోజులు కొట్టుకున్నాం. చివరికి నేనే ఓడిపోయాను. ఆ ఓడిన రోజంత సంతోషంగా నేను ఈమధ్య ఎప్పుడూ లేను. ఇంట్లో నేనేమన్నా "సరేలే" అంటారు. నాతో పోట్లాడేవాళ్ళే లేరు. పోట్లాడాలంటే ముందు నేనన్నది వినాలి కదా.

అందుకే వాళ్ళు ఇంటికి వస్తామంటే రెండు వారాలు తప్పించుకు తిరిగాను. జ్వరమన్నాను, ఊళ్ళో లేనన్నాను, ఇంటికి రంగులేస్తున్నారన్నాను. బోల్టు ఒకసారి తన లేత్ మీద చక్రాలు చేసి కొరియర్లో పంపాడు, అలా మా ఆయన పేరుతో ఇచ్చిన అడ్రసు వాడి దగ్గరుంది. ఇక అబద్ధాలు అయిపోయాయి. గుమ్మంలోనే నిజం చెప్పేద్దామని ఆదివారం పొద్దుట్నుంచీ ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

తలుపు మా ఆయన తీశాడు. "అన్నా!" అంటూ బోల్టు ఆయన్ని కావలించుకున్నాడు. వెనకే వచ్చిన మా గుంపులోని రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు రెండు చేతులూ జోడించారు. మా ఆయన వాళ్ళ భుజాల మీదుగా నావైపు చూశాడు. అప్పుడే చెప్పాల్సింది. నేను టీ పెట్టడానికి వెళ్ళిపోయాను. నిజం చెప్పొద్దూ, గుండెల మీద బరువు దిగినట్టయింది. పోనీలే, అన్న బతికిపోయాడు, రేపటి నుంచి మళ్ళీ పోట్లాడుకోవచ్చు అనుకున్నాను. హాల్లోంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది. "ఏదో, తీరిక దొరికినప్పుడు చేస్తుంటానండీ. ఓపిక ఉండాలి దీనికి." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతులో అంత హుషారు వినలేదు. పాపం, ఆయన్ని చూడ్డానికీ ఎవరొచ్చారు గనక.

నేను టీ తెచ్చేసరికి బోల్టు నా కొత్త బండిని అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "అన్నా, దీనికోసమే ఇంతదూరం వచ్చా. దీని కథ నీ నోటితో వినాలి."

"అదా? అది వంట బండి" అన్నాడు మా ఆయన. "సైనికులకి వేడివేడిగా వండిపెట్టేది. ఇదిగో, ఈ పెద్ద పాత్రలోనే."

అన్న వేళాకోళమాడుతున్నాడనుకుని బోల్టు పగలబడి నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో వేళాకోళం లేదని తెలిశాక బోల్టు నవ్వు ఆగిపోయింది. బండిని మెల్లగా బల్లమీద పెట్టి మాస్టారి వైపు చూశాడు. 'ఇంతేనా మన అన్న?' అన్నట్టుంది ఆ చూపు. నా పని ఆయన పేరు మీద పోతే ఓర్చుకోగలను, అది నాకు కొత్త కాదు. ఆ తప్పుడు మాట నేనన్నానని వాళ్ళనుకోవడం మాత్రం భరించలేకపోయాను.

"అది పేలు చంపే బండి" అన్నాను ట్రే దించి. "ఆ పాత్రలో ఆవిరికి ఉడికేది సైనికుల చొక్కాలు. అందులో వండిపెడితే యుద్ధం ఆ పూటతోనే అయిపోయేది."

"మా ఆవిడకీ కొంచెం తెలుసులెండి, నేను చెప్తుంటే వింటూ ఉంటుంది" అన్నాడు మా ఆయన. "వెళ్ళి బిస్కెట్లు పట్రా."

"లాండ్రీ అన్నని నేనే" అన్నాను.

మా ఆయన టీ కప్పు అందుకుని గబగబా తాగసాగాడు. బోల్టు దిగ్గున లేచి నిలబడ్డాడు. చెవుల దాకా ఎర్రబడిపోయాడు. "అయ్యో, మీరా అమ్మా! తెలీక ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు వాగాను. మనసులో పెట్టుకోకండి. ముందు మీరు కూర్చోండి" అని కుర్చీ లాగి వేశాడు. అమ్మా అన్నాడు. మీరు అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కూర్చున్నాను. బండి చేతిలోకి తీసుకున్నాను. "దీని పొగగొట్టం వెనక పెట్టడం నా పొరపాటు. అసలు బండికి ముందు, డ్రైవరు కిటికీ పక్కన ఉండేది" అన్నాను. పచ్చి అబద్ధం. పొగగొట్టం వెనకే ఉంటుందని మూడు ఫోటోలు తవ్వితీసి నా నోరు మూయించింది ఈ బోల్టే. వాడు బండి వంక చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు.

"అలాగేనమ్మా. మీరు చెప్పాక ఇంకేముంది" అన్నాడు.

ఇన్నేళ్ళలో వాడు నా మాట ఒక్కటైనా ఒప్పుకోవడం అదే మొదలు. ఇంట్లో వినే "సరేలే" ఎలా ఉంటుందో, అచ్చం అలాగే ఉంది. లేచి బిస్కెట్ల కోసం వెళ్ళిపోవచ్చు. వాళ్ళు టీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోతారు. రేపట్నుంచి వాడు నాకు పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుతాడు, బోల్టుల లెక్క ఇంకెవరినో అడుగుతాడు. నేను లేవలేదు.

"అబద్ధం చెప్పాను తమ్ముడూ. పొగగొట్టం వెనకే. నీకూ తెలుసు" అన్నాను. "నన్ను తిట్టవేం?"